రక్తం అబ్బాయి కుర్చీ

సోమవారం పొద్దున, అందరూ సూది అని పిలిచే ఆ అమ్మాయి వాళ్ళ కుర్చీల దుకాణానికి వచ్చేసరికి, శనివారం సాయంత్రం తను ముగించి వెళ్ళిన సోఫా చేతిమీది గుడ్డ విప్పి మళ్ళీ కట్టి ఉంది. వాళ్ళ నాన్న ఎప్పటిలాగే ఆరింటికే షట్టరు ఎత్తినట్టున్నాడు. పీకేసిన పిన్నులన్నీ ఒక డబ్బామూతలో పోసి బల్లమీద పెట్టాడు. మాటా పలుకూ లేదు. మూలన ఇంకో కుర్చీ బోర్లించుకుని, దాని అడుగున పట్టీలు లాగి మేకులు కొడుతున్నాడు.

సూది చేసంచీ కొక్కేనికి తగిలించి, సోఫా పక్కన మోకాళ్ళమీద కూచుంది. సన్నగా, నిటారుగా ఉంటుందని చిన్నప్పుడు ఆయన పెట్టిన పేరే అది, వీధి మొత్తానికీ అదే అలవాటైంది. సోఫా చెయ్యి ముందువైపు గుండ్రంగా తిరిగే చోట గుడ్డకి తను నాలుగు కుచ్చులు పెట్టింది. ఆయన ఏడు పెట్టాడు. వేలితో తడిమితే తప్ప తెలియనంత సన్నటివి. అదీ సంగతి. తొమ్మిదేళ్ళుగా ఆమె చదువంతా ఇలాగే సాగింది. సాయంత్రం కట్టడం, పొద్దున వచ్చి విప్పాడా లేదా చూసుకోవడం, విప్పితే ఎందుకు విప్పాడో వేళ్ళతో వెతుక్కోవడం. "నాలుగు చాలవే, ఏడు పెట్టు" అంటే ఆ మనిషి నోటిముత్యాలు రాలిపోతాయా? రాలవు. కానీ ఆ ఇంట్లో ఎవరికీ ఆ ప్రశ్నే తట్టలేదు.

ముందుగదిలో మిషనుమీద దిండుగలీబులు కుడుతున్న వాళ్ళమ్మ తలెత్తకుండానే అడిగింది. "విప్పారా?"

"ఊఁ."

"ఏమైనా అన్నారా?"

"ఆయనేం అంటారమ్మా!"

"తిట్టలేదు కదా, మరింకేం," అని అమ్మ మిషను తొక్కింది. ఇంట్లో ఆవిడ ఉద్యోగం అదే. ఆయన అనని మాటలకి అర్థాలు చెప్పడం.

మంగళవారం మధ్యాహ్నం ఫోను మోగింది. అవతల రక్తం అబ్బాయి. ఆసుపత్రి ల్యాబులో పొద్దుటినుంచీ జనం చేతుల్లోంచి రక్తం తీసి గొట్టాల్లో నింపడం అతని పని, అందుకని మామగారు కాబోయే ఆయన పెట్టిన పేరది. పెళ్ళి వచ్చే బుధవారం, రిజిస్ట్రారు ఆఫీసులో. అద్దెకి తీసుకున్న రెండో అంతస్తు గదిలో అతను అప్పుడే దిగాడు. రెండో తాళంచెవి సూది దగ్గర ఉంది.

"సాయంత్రం గదికి రా. కళ్ళు మూసుకుని రావాలి."

"కళ్ళు మూసుకుంటే మెట్లమీద పళ్ళు రాలతాయి."

"సరే, తలుపు దగ్గర మూసుకో తల్లీ."

తలుపు దగ్గర మూసుకుంది. అతను భుజాలు పట్టుకుని నడిపించి, కిటికీ పక్కన నిలబెట్టి, "తెరువ్" అన్నాడు.

కుర్చీ. పాతసామాను కొట్లో కొన్న చట్రం, దానిమీద ఆకుల బొమ్మలున్న పచ్చగుడ్డ. నాలుగు సాయంత్రాలు ఫోనులో వీడియోలు చూస్తూ తానే కట్టానన్నాడు. "ఊరందరికీ కుర్చీలు కడతావు. నీకంటూ ఒకటి లేదు. మీ కొట్లో కూడా గోనెపట్టా మీదే కూచుంటావు. అందుకని."

పుట్టి బుద్ధెరిగాక ఆమె కోసం ఎవరూ ఏదీ తయారుచెయ్యలేదు. కళ్ళు తడయ్యాయి. ఈలోపు ఆమె బొటనవేలు, దాని ఖర్మ, తన పని తాను చేసుకుపోతోంది. ఎడమ మూల మూడు మడతలు. కుడి మూల గుప్పెడు గుడ్డ కుక్కినట్టుంది. వీపుమీద ఆకులు తలకిందులుగా వేలాడుతున్నాయి, కూర్చునేచోట పక్కకి పడుకున్నాయి. ఫోము ఒకవైపు ఎక్కువ. కూచుంటే మనిషి మెల్లగా ఎడమకి జరుగుతుంది.

"ఎలా ఉంది?"

"బాగుంది," అంది.

"నిజంగా?"

"నిజంగా."

అతను చేతులు చరిచి గది చుట్టూ తిరిగాడు. అంత సంతోషపడ్డ మనిషికి ఆ పూట ఇంకేం చెబుతాం!

బుధవారం మధ్యాహ్నం సూది పని ఉందని చెప్పి కొట్లోంచి బయల్దేరింది. అతని డ్యూటీ మూడింటిదాకా. గదికి వెళ్ళి, కుర్చీని నేలమీద పాత దుప్పటి పరిచి బోర్లించి, స్క్రూడ్రైవరుతో పిన్నులు పీకడం మొదలుపెట్టింది. అబ్బో, ఎన్ని పిన్నులు! ఒకటి చాలినచోట ఆరు కొట్టాడు. ప్రతి పిన్నూ పీకుతుంటే ఆమెకి నవ్వొచ్చింది, ముద్దొచ్చింది. గుడ్డ లోపలివైపు ఒకచోట గోధుమరంగు మరక కనిపించింది. వేలికి గుచ్చుకున్నట్టుంది. రోజూ వందమంది చేతులకి నొప్పి తెలియకుండా గుచ్చేవాడు తన వేలు గుచ్చుకున్నాడు. ఆ ముక్కని కత్తిరించి తీసేసింది, మరక పైకి ఉబికి వస్తుందని.

ఆకుల్ని నిలబెట్టింది. అతను గుడ్డని రెండు వేళ్ళమేర తక్కువ కోశాడు. కంటికి కనపడని అడుగుభాగంలో అతుకు వేసింది. ఫోము సమం చేసింది. మూలకి ఐదేసి సన్నటి కుచ్చులు పెట్టి, చివరి వరస ఒంపుసూదితో చేత్తోనే కుట్టింది. ఆ మూడు గంటలు పనిచేసినంత హాయిగా ఆమె జన్మలో ఎప్పుడూ పనిచేసి ఎరగదు. ప్రేమంటే ఏమిటో ఆ వేళ చేతుల్లోకి వచ్చిందనిపించింది. పీకిన పిన్నులు ఒక మూతలో పోసి కిటికీ గట్టుమీద పెట్టింది. కూచుని ఎదురుచూసింది.

మూడున్నరకి వచ్చాడు. చెప్పులు విడుస్తూ నవ్వాడు, కుర్చీ చూసి నవ్వు ఆపాడు. చుట్టూ ఒకసారి తిరిగాడు. కూచోలేదు.

"నాది ఏది?"

"ఇదే. బాగుచేశా."

"నిన్న బాగుందన్నావు కదా."

"బాగుంది కాబట్టేగా!"

"బాగుంటే విప్పుతారా?"

"ఇష్టం లేనివాళ్ళదైతే నాకెందుకు, అలాగే వదిలేద్దును," అంది సూది. ఆమెకి అది పగలు వెలుతురంత తేట. అతనికి ఒక్క ముక్క అర్థం కాలేదు.

అతను కిటికీ గట్టుమీది మూత తీసి చూశాడు. "ఇవేంటి?"

"నీ పిన్నులు."

"ఇవి నాకెందుకు చూపిస్తున్నట్టు?"

ఎందుకో ఆమెకి తెలియదు. పిన్నులు మూతలో పోసి పెడతారు, అంతే. ఎందుకని తను ఏనాడూ అడగలేదు.

అతను మూత మళ్ళీ గట్టుమీద పెట్టేశాడు. చెవులు ఎర్రబడ్డాయి. అరవలేదు. అరిచినా బాగుండేదని తర్వాత సూది అనుకుంది.

"వేలు గుచ్చుకుంటే అంటిన మరక ఉండాలి లోపల. అది కూడా తీసేశావా?"

"పైకి కనపడుతుందని..."

"నాలుగు రోజులు కూచుని చేశాను. బాలేదని నోటితో అంటే ఇంకోలా చేసేవాణ్ణి. ఇలా నేను లేనప్పుడు వచ్చి... రేపు నా వంట, నా మాట, నా మొహం కూడా ఇలాగే సరిచేస్తావేమో." కాస్త ఆగాడు. "వచ్చే బుధవారం పెళ్ళి కొంచెం వెనక్కి జరుపుదాం. నేను కాస్త ఆలోచించుకోవాలి."

విడిచిన చెప్పులు మళ్ళీ వేసుకుని, వాళ్ళమ్మ ఇంటికి వెళ్ళిపోయాడు. సూది ఆ కుర్చీలో కూచోడానికి ధైర్యం చాలక కిందే కూలబడింది. తప్పెక్కడ జరిగిందో గుడ్డమీద వెతికితే దొరికేది కాదని మాత్రం తెలిసింది.

గురువారం పదకొండింటికి రక్తం అబ్బాయి వాళ్ళమ్మ దుకాణానికి ఊడిపడింది. చంకలో ఒక ముక్కాలిపీట. కాలు ఊగుతోందట, చూడాలట. ఊగే కాలు ఒక వంక, అసలు పని వేరే అని ఆవిడ ముఖమే చెబుతోంది.

"ఏమ్మా సూదీ, మా వాడు నిన్న వచ్చి వాడి పాతగదిలో ముసుగుతన్ని పడుకున్నాడు. ఏమైందిరా అంటే కుర్చీ అంటాడు. కుర్చీల కోసం కొట్టుకునేది మంత్రులు కదమ్మా, మీకేం వచ్చింది?"

మిషను దగ్గర అమ్మ నవ్వబోయి దగ్గింది. మూలన సుత్తి చప్పుడు ఒక క్షణం తప్పి మళ్ళీ మొదలైంది.

"వాడు కట్టింది నేను విప్పి కట్టానత్తయ్యా."

"విప్పావా! ఎందుకమ్మా? మా వాడు ఏది చేసినా బ్రహ్మాండంగా ఉంటుంది. చిన్నప్పుడు మట్టితో ఏనుగు చేశాడు, ఇప్పటికీ టీవీ పక్కన ఉంది."

"ఏనుగు బాగుందా అత్తయ్యా?"

ఆవిడ ఒక్క క్షణం తడబడింది. "దానికి తొండం లేదనుకో. అయినా వాడు చేశాడు కదా!" గొంతు తగ్గించి సూది చెయ్యి పట్టుకుంది. "వాడికి గట్టిమాట అలవాటు లేదు తల్లీ. నేనే అలవాటు చెయ్యలేదు. పుట్టినప్పుడు రెండు కేజీలే ఉన్నాడు. ఏమన్నా కందిపోతాడని భయం. ఆ భయం పోనేలేదు నాకు. నువ్వు ఊరికే బాగుందని వదిలెయ్యరాదూ?"

"బాగుందనే అన్నానత్తయ్యా. అదే కొంప ముంచింది."

ఆవిడకి అర్థం కాలేదు. పీట వదిలేసి, నువ్వూ వాడూ ముందు భోజనం చేసి చావండమ్మా అని తిట్టి, కళ్ళు ఒత్తుకుంటూ వెళ్ళింది. సూది పీట తిరగేసి, ఊగే కాలికి జిగురు పెట్టి బిగించింది.

శుక్రవారం పొద్దున ఏదీ విప్పి లేదు. మూతా లేదు. సూది చాలాసేపు ఆ ఖాళీ బల్లకేసి చూసింది. రాత్రంతా నమిలిన మాట ఇంక మింగలేక, నాన్న ముందుకి వెళ్ళి నిలబడింది. ఆయన నోట్లో నాలుగు మేకులున్నాయి.

"నాన్నా. నేను కట్టినవి ఎప్పుడైనా నీకు నచ్చాయా?"

ఆయన మేకులు ఒక్కొక్కటే తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. వెర్రిప్రశ్న విన్నట్టు చూశాడు. "నచ్చకేం? విప్పనివన్నీ నచ్చినవేగా."

"అవి నాకెలా తెలుస్తాయి?"

"విప్పలేదు కదా!"

"విప్పకపోతే నచ్చిందో, చూడనే లేదో, చూసి విసుగొచ్చి వదిలేశావో, నాకెలా తెలుస్తుంది నాన్నా? తొమ్మిదేళ్ళుగా నాకు కనపడింది తప్పులే. రోజూ మెట్లెక్కుతూ ఇవాళ ఏం విప్పి ఉంటుందోనని లెక్కపెట్టుకుంటా. అదే పని నేను నిన్నగాక మొన్న అతనికి చేశా. పెళ్ళి ఆగేలా ఉంది."

మాటలు ఆయనకి అలవాటు లేని పని. సుత్తి పక్కన పెట్టి, మేకులు గుప్పిట్లోనే ఉంచుకుని, టీకని వీధిలోకి వెళ్ళిపోయాడు.

ముందుగదిలో మిషను ఆగిపోయి ఉంది. అమ్మ మిషను సూదికి ఎక్కించబోయిన దారం అలాగే పట్టుకుని కూచుంది.

"నేను కుట్టిన గలీబు ఇన్నేళ్ళలో ఒక్కటి కూడా విప్పలేదు ఆయన," అంది మెల్లగా. "నావి చూడనే చూడరనుకున్నానే."

ఇద్దరూ ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకున్నారు. అమ్మ కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది. "వెళ్ళు. ఆ అబ్బాయి దగ్గరికి వెళ్ళి ఏం చెప్పాలో చెప్పు. ఈ ఇంట్లోవాళ్ళ మాటలకి అర్థాలు చెప్పేదాన్ని నేను ఆ ఇంటికి కూడా రాలేను."

ఆసుపత్రి ల్యాబు ముందు వరసగా ఇనపకుర్చీలు. సూది కూడా ఒక చీటీ తీసుకుని కూచుంది. తెరిచిన తలుపులోంచి అతను కనిపిస్తున్నాడు. ఒక ముసలాయన చేతికి రబ్బరుపట్టీ కడుతూ, "పెద్దాయనా, పిడికిలి బిగించండి... భలే భలే... అయిపోయింది, అయిపోయింది," అంటున్నాడు. నిజానికి అప్పటికి ఇంకా గుచ్చనే లేదు. అందరితోనూ అంతే. వాళ్ళమ్మ పోలిక.

తన వంతు రాగానే సూది లోపలికెళ్ళి, రక్తమిచ్చే కుర్చీలో కూచుని చెయ్యి చాపింది. అతను పట్టీ తీసుకుని, మొహం చూసి ఆగిపోయాడు.

"ఏం పరీక్ష?"

"తెలీదు. నువ్వే చెప్పాలి."

"బయట జనం ఉన్నారు."

"రెండు నిమిషాలు. నేను చెప్పడం నేర్చుకోవాలి, ఎక్కడో ఒకచోట మొదలెట్టాలిగా." ఊపిరి పీల్చుకుంది. మాటలు పలకడం కొత్తగా ఉన్నట్టు ఒక్కొక్కటే బయటికి తెచ్చింది. "వీపుమీద ఆకులు తలకిందులున్నాయి. గుడ్డ కోసేముందు ఎటు పైకో చూసుకోవాలి. కుడి మూల కుక్కేశావు. ఫోము ఒకవైపు ఎక్కువైంది, మనిషి జారుతోంది. పిన్నులు మరీ ఎక్కువ. ఇంకా... అది చూసి నాకు ఏడుపొచ్చింది. నాకోసం ఎవరూ ఏదీ చెయ్యలేదు. ఇవన్నీ మంగళవారమే చెప్పాల్సింది. మా ఇంట్లో చెప్పడం అనేది లేదు, విప్పడమే ఉంది. నువ్వు లేనప్పుడు విప్పడం తప్పు. నీ రక్తం మరక పారేశాను చూడు, అది మరీ తప్పు."

అతను చేతిలో పట్టీ అటూ ఇటూ లాగుతూ విన్నాడు. ఆకుల మాట దగ్గర చెవులు ఎర్రబడ్డాయి. మూల మాట దగ్గర ఆ ఎరుపు మెడదాకా పాకింది.

"ఇవన్నీ వినడం నాకు కష్టంగా ఉంది," అన్నాడు చివరికి. "అబద్ధం కాదు. నన్ను ఎవరూ ఎప్పుడూ ఇలా... నిన్న అమ్మతో, ఆ కుర్చీ నిజంగానే బాగా రాలేదేమోనే అన్నాను. బ్రహ్మాండంగా ఉంటుందిరా అంది. ఇంతవరకూ ఆవిడ దాన్ని చూడనే లేదు! చూడకుండానే అంది. నాకు భలే దిగులేసింది. ఆవిడ చూడకుండా చెబుతుంది. నువ్వు చూసి చెప్పవు. నేనెక్కడికి పోవాలి?"

"శనివారం మధ్యాహ్నం గదికి పో. నేను వస్తా. నా కుట్టు విప్పేద్దాం. నువ్వు మళ్ళీ కట్టు. నేను ముట్టుకోను."

"ముట్టుకోకుండా ఉండగలవా?"

"చేతులమీద కూచుంటా."

అతను నవ్వలేదు గానీ, ఆమె మోచేతి దగ్గర, సూది గుచ్చే చోట, దూదితో ఊరికే ఒకసారి తుడిచాడు. "తర్వాతివాళ్ళని రమ్మను," అన్నాడు.

శనివారం ఆమె కొట్లో చిన్న సోఫా ఒకటి గబగబా ముగించి వెళ్ళింది. అన్నట్టుగానే చేతులు తొడల కింద పెట్టుకుని నేలమీద కూచుంది. అది ఎంత కష్టమో ఎవరికి తెలుస్తుంది! అతను గుడ్డ పరుస్తుంటే ఆమె వేళ్ళు కింద గిలగిల్లాడాయి. "అటు కాదు, ఆకు కాడ కిందికి రావాలి," అంది. ఒకసారి "అది సరిగ్గా లాగావు" అంది. ఆ మాట పైకి అనడానికి ఆమెకి తప్పుచెప్పడం కంటే ఎక్కువ సిగ్గేసింది. ఒకసారి అతను కోపం తెచ్చుకుని పిన్నులు కొట్టే గన్ను కింద పడేసి, కిటికీ దగ్గరికెళ్ళి నిలబడ్డాడు. సూదికి గన్ను అందుకోవాలనిపించింది. అయినా లేవలేదు, పిన్ను కూడా ముట్టలేదు. అతను తనంతట తనే తిరిగొచ్చి గన్ను తీసుకున్నాడు.

ఐదింటికి అయింది.

"ఎలా ఉంది?"

"ఆకులు నిలబడ్డాయి. ఎడమ మూల బాగా కుదిరింది. కుడి మూల వంకర."

అతను కుడి మూల చూశాడు. తల వంచి ఇంకోసారి చూశాడు. "అవును, వంకరే," అన్నాడు. "విప్పనా?"

"నీ ఇష్టం."

"ఉండనీ. చేతులు పడిపోయాయి. బుధవారం ఆఫీసులో సంతకం పెట్టడానికి వేళ్ళు మిగలాలి కదా."

సూది ఒక్కసారిగా మోకాళ్ళలో తల పెట్టుకుంది. ఏడ్చిందో నవ్విందో ఆమెకే తెలియలేదు.

ఆదివారం సాయంత్రం అమ్మా నాన్నా గది చూడ్డానికి వచ్చారు. నాన్న కుళాయి తిప్పి చూశాడు, కిటికీ రెక్క ఊపి చూశాడు. తర్వాత కుర్చీ దగ్గర ఆగాడు. బొటనవేలు అంచు వెంబడి జరుగుతూ వెళ్ళి, కుడి మూల దగ్గర నిలిచిపోయింది. ఇంకో చెయ్యి జేబులో స్క్రూడ్రైవరు కోసం తడుముకుంది. టీ పోస్తున్న అమ్మ చెయ్యి ఆగింది.

"ఇదెవరి పని?"

"నాదేనండి మామయ్యగారూ."

"మా అమ్మాయి చూసిందా?"

"చూసిందండి. వంకరగా ఉందంది."

ఆయన కూతురివైపు తిరిగాడు. "నోటితో అన్నావా?"

"నోటితోనే నాన్నా."

ఆయన జేబులోంచి చెయ్యి ఉత్తదే తీశాడు. కుర్చీలో మెల్లగా కూచున్నాడు. అది కిర్రుమంది. అమ్మ ఇచ్చిన టీ సగం తాగాడు. ఆయన కప్పులోకి చూస్తూ గొంతు సవరించుకున్నాడు. ఒకసారి చాలక, రెండోసారి సవరించుకున్నాడు.

"నిన్న చిన్న సోఫా కట్టావే. పొద్దున చూశాను. దాని వీపు గుడ్డ వదులైంది." ఇంకో గుక్క తాగాడు. "విప్పలేదు. నువ్వే చూసుకో."

అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. సూదికి కళ్ళు మసకబారాయి. తొమ్మిదేళ్ళలో ఆయన నోటివెంట ఆమె విన్న మొదటి తప్పు అది. దాన్ని అలాగే చాలాసేపు ఉంచుకోవాలనిపించింది. కానీ పని పనే కదా.

"ఎక్కడ నాన్నా? పైనా, కిందా?"

"పైన," అన్నాడాయన. "ఎడమపక్క."